ప్రియాన్ ప్రయోగశాలలో మూడేళ్లకు పైగా: నా అనుభవం

ప్రియాన్, అంటే మడత తప్పి మెదడును దెబ్బతీసే ప్రొటీన్, కలిగించే వ్యాధుల మీద పనిచేసే ప్రయోగశాలలో 2017 ఆరంభంలో చేరినప్పుడు, మొదటి మూడు వారాలు నా చేతికి ఒక్క నమూనా కూడా ఇవ్వలేదు. ఇచ్చిందల్లా రంగునీళ్లు. మామూలు వెలుతురులో కనబడకుండా అతినీలలోహిత దీపం కింద మాత్రమే పచ్చగా మెరిసే రంగును నీళ్లలో కలిపి, దాన్నే జబ్బుపడిన జంతువు మెదడు అనుకొని సేఫ్టీ క్యాబినెట్‌లో పనిచేయమన్నారు. గంటసేపు ఒళ్లు దగ్గర పెట్టుకొని పనిచేసి, అంతా శుభ్రం చేశాననుకున్నాక దీపం వెలిగిస్తే క్యాబినెట్ అంచు మీద, పిపెట్ పిడి మీద, ఎడమ ముంజేతి మీద, చివరకు క్యాబినెట్‌కు బారెడు దూరంలో ఉన్న నోట్‌బుక్ అట్ట మీద కూడా పచ్చటి చుక్కలు కనిపించాయి. నోట్‌బుక్‌ను ముట్టుకున్న సంగతే నాకు గుర్తు లేదు.

అంతకుముందు నేను బ్యాక్టీరియా మీద పనిచేశాను. సూక్ష్మజీవుల విషయంలో చేతులకు ఒక రకమైన ధైర్యం అలవాటవుతుంది: బల్ల మీద ఏదైనా ఒలికితే డెబ్బై శాతం ఆల్కహాల్ చల్లి తుడిచేస్తాం, కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేస్తే ఇక భయం లేదనుకుంటాం. రెండో రోజునే నా చేయి అలవాటు ప్రకారం ఆల్కహాల్ సీసా వైపు వెళ్లడం చూసి మా పర్యవేక్షకురాలు ఆపారు. "ఇక్కడ దాని జోలికి పోకండి. అది కడగదు, అంటిస్తుంది" అన్నారు. ప్రియాన్ అంటే ప్రొటీన్ కాబట్టి ఆల్కహాల్, ఫార్మలిన్ వంటివి దాన్ని నాశనం చేయకపోగా, ఉన్నచోటే గట్టిగా అతుక్కునేలా చేస్తాయని, ముఖ్యంగా ఉక్కు పరికరాలకు అతుక్కున్న ప్రియాన్‌ను వదిలించడం చాలా కష్టమని ఆమె వివరించి, చదువుకోమని 1977లో అచ్చయిన ఒక చిన్న వైద్య నివేదిక ఇచ్చారు.

అందులో ఉన్న సంగతి ఇది: మనుషులకు వచ్చే ప్రియాన్ వ్యాధి అయిన క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి, అంటే సీజేడీ, ఉన్న ఒక రోగి మెదడులో విద్యుత్ సంకేతాలు కొలవడానికి వాడిన ఎలక్ట్రోడ్లను ఆల్కహాల్‌తోనూ ఫార్మాల్డిహైడ్ ఆవిరితోనూ శుద్ధిచేసి, ఆ తర్వాత మూర్ఛవ్యాధి ఉన్న ఇద్దరు చిన్నవయసు రోగులకు అమర్చారు. అప్పటికి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఆ ఇద్దరికీ సీజేడీ వచ్చింది. అవే ఎలక్ట్రోడ్లను పలుమార్లు శుభ్రం చేసి, రెండేళ్లకు పైగా గడిచాక ఒక చింపాంజీ మెదడులో అమర్చినప్పుడు దానికి కూడా జబ్బు సోకిందని తర్వాత మరో నివేదిక చెప్పింది. ఇవి చదివిన తర్వాత మా ప్రయోగశాల గోడ మీద ఉన్న నియమాలు నాకు మరోలా కనిపించసాగాయి: ఒక నార్మల్ గాఢత గల కాస్టిక్ సోడాలో గంట, లేదా పది లక్షల పాళ్లకు 20,000 పాళ్ల క్లోరిన్ అందే బ్లీచ్‌లో గంట, ఆటోక్లేవ్ (పీడనంతో ఆవిరి పట్టే యంత్రం) అయితే 134 డిగ్రీల వద్ద 18 నిమిషాలు. ఫార్మలిన్‌లో ఉంచిన కణజాలాన్ని ముందు గంటసేపు గాఢ ఫార్మిక్ ఆమ్లంలో ఉంచిన తర్వాతే కోతకు పంపేవాళ్లం. ఆ బ్లీచ్ వాసన వారాంతాల్లో కూడా ముక్కుపుటాల్లోనే ఉండేది.

ఇంత చేసినా చావని దానిలో అసలు బతికినదంటూ ఏమీ లేదు. 1960ల్లో టిక్వా ఆల్పర్ బృందం, గొర్రెలకు వచ్చే ప్రియాన్ వ్యాధి అయిన స్క్రేపీ కారకాన్ని అతినీలలోహిత కిరణాలకు గురిచేసి, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను ధ్వంసం చేసే మోతాదులకు కూడా అది లొంగడం లేదని చూపింది. 1967లో గ్రిఫిత్ అనే గణితవేత్త, ఒక ప్రొటీన్ తన ఆకృతినే తోటి ప్రొటీన్లకు అంటించి వ్యాపించగలదని కాగితం మీద ప్రతిపాదించాడు. స్టాన్లీ ప్రుసినర్ 1982లో దానికి ప్రియాన్ అని పేరు పెట్టి, చాలాకాలం ఎగతాళి భరించి, 1997లో నోబెల్ అందుకున్నాడు. మన మెదడు కణాల పైపొర మీద మామూలుగా ఉండే పీఆర్‌పీ అనే ప్రొటీనే ఇందులో ముడిసరుకు. అది మడత మారి, పొరలు పొరలుగా పేరుకొని, దగ్గరికొచ్చిన మామూలు పీఆర్‌పీని కూడా తనలా మడతపెట్టుకుంటూ పోతుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును తొలగించిన ఎలుకలకు స్క్రేపీ సోకదని 1993లో తేలడం నా దృష్టిలో ఈ వాదనకు దొరికిన అత్యంత బలమైన సాక్ష్యం. ఇంట్లో ముడిసరుకే లేకపోతే వచ్చిన దొంగకు దొరికేదేముంటుంది?

నాకు అప్పగించిన మొదటి అసలు పని ఆర్‌టీ-క్విక్ అనే పరీక్ష. బ్యాక్టీరియాలో తయారుచేసి శుద్ధిచేసిన మామూలు పీఆర్‌పీని 96 గుంటల ప్లేటులో పోసి, అందులో పరీక్షించాల్సిన నమూనాను అతి పలచగా కలిపి, 42 డిగ్రీల వద్ద నిమిషం కుదుపు, నిమిషం విరామం చొప్పున రెండు మూడు రోజులు వదిలేస్తాం. నమూనాలో వికృత ప్రొటీన్ ఏ కాస్త ఉన్నా అది బీజంలా పనిచేసి, గుంటలోని ప్రొటీన్‌ను నారలుగా పేరుస్తుంది. ఆ నారలకు అతుక్కుంటే వెలిగే థయోఫ్లేవిన్-టీ అనే రంగు కూడా అందులో ఉంటుంది కాబట్టి, యంత్రం ప్రతి 45 నిమిషాలకూ ఆ వెలుగును కొలిచి తెర మీద గీత గీస్తుంది. గీత నేలబారుగా సాగితే ప్రియాన్ లేదని, ఒక్కసారిగా నిటారుగా లేస్తే ఉందని అర్థం. రోగి వెన్నుద్రవంలో సీజేడీని పట్టుకోవడానికి ఆస్పత్రులు వాడుతున్నది కూడా ఈ పద్ధతినే. అంతకుముందు రోగి బతికి ఉండగా, మెదడు ముక్క తీయకుండా, ఇంత నమ్మకంగా చెప్పగలిగే పరీక్ష లేదు.

నా మొదటి నాలుగు ప్లేట్లు చక్కగా వచ్చాయి. ఐదో ప్లేటులో, ఆరోగ్యంగా ఉన్న గొర్రె మెదడు వేసిన గుంటల్లో రెండు గీతలు లేచి నిలబడ్డాయి. పిపెట్ మార్చాను, క్యాబినెట్ మార్చాను, నీళ్లు మార్చాను. మళ్లీ లేచాయి. ఎక్కడో కలుషితం చేశానని, ఆ మెరిసే చుక్కల్లాంటిదేదో నాకు కనబడకుండా మిగిలిపోయిందని రెండు వారాలు నిద్రలేదు. చివరకు ఏ నమూనా కలపని గుంటల్లో కూడా గీతలు లేస్తున్నాయని గమనించాక అసలు సంగతి బయటపడింది: ఆ విడత తయారైన ప్రొటీన్‌లోనే లోపం ఉంది. బీజం లేకుండానే అది తనంతట తాను నారలుగా మారిపోతోంది. ఈ పరీక్ష చేసేవాళ్లందరికీ తెలిసిన విషయమే ఇది. ఎంత మంచి ప్రొటీన్ అయినా తగినంత సేపు కుదిపితే ఎప్పుడో ఒకప్పుడు దానంతట అదే మారుతుంది, అందుకే ఇన్ని గంటలలోపు లేచిన గీతనే లెక్కలోకి తీసుకోవాలని గడువు పెట్టుకుంటారు. మా వాళ్లు ఆ విడత మొత్తాన్నీ పారబోశారు. అప్పటినుంచి కొత్త విడత వచ్చినప్పుడల్లా, ఏమీ కలపని ప్లేటు ఒకటి పూర్తిగా నడిపి చూశాకే నేను పని మొదలుపెట్టేదాన్ని.

పారబోసిన ఆ ప్రొటీన్ మాత్రం నా మనసులోంచి పోలేదు. మనుషుల్లో వచ్చే సీజేడీలో దాదాపు 85 శాతం ఎవరినుంచీ సోకినది కాదు, వంశపారంపర్యంగా వచ్చినదీ కాదు. ఏటా పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా అరవై దాటిన వయసులో, కారణమేదీ కనబడకుండానే వస్తుంది. ప్లేటులో గుంట వేరు, మనిషి మెదడు వేరని నాకు తెలుసు. అయినా ఎవరూ బీజం వేయకుండా నలభయ్యో గంటలో లేచిన ఆ గీతను చూసిన తర్వాత, కారణం లేకుండా వచ్చే జబ్బు అన్న మాట నాకు వింతగా తోచలేదు.

ఇక నేను అసలు చేరిన పని, జంతువుల్లో చేసే పరీక్ష, 2017 జూలైలో మొదలైంది. స్క్రేపీతో చనిపోయిన గొర్రె మెదడును మెత్తగా నూరి పలచన చేసిన ద్రవాన్ని, మత్తు ఇచ్చిన ఎలుకల మెదడులోకి అతి కొద్దిగా ఎక్కించి, అవి ఎప్పుడు జబ్బుపడతాయో చూడాలి. స్క్రేపీ గొర్రెనుంచి గొర్రెకు సోకుతుందని 1936లో ఫ్రాన్సులో క్యుయే, షెల్ అనే ఇద్దరు పశువైద్యులు నిరూపించడానికి ఏడాదికి పైగా కాచుకొని కూర్చోవలసి వచ్చింది. వాళ్లకంటే ముందు ప్రయత్నించినవాళ్లు కొన్ని నెలలు చూసి, అంటువ్యాధి కాదని తేల్చి వెళ్లిపోయారు. 1961లో చాండ్లర్ దాన్ని ఎలుకలకు సోకించాక గాని పరిశోధన ఒక గదిలో ఇమిడే స్థాయికి రాలేదు. గదిలో ఇమిడినా, కాలం మాత్రం ఇమడలేదు.

పంజరాలకు పేర్లు ఉండవు, సంకేత సంఖ్యలు మాత్రమే ఉంటాయి. ఏ పంజరంలో జబ్బు గొర్రె నమూనా ఎక్కించారో, ఏ పంజరంలో ఆరోగ్యమైన గొర్రెదో చూసేవాళ్లకు తెలియకూడదు. మొదట వారానికోసారి, రెండు వందల రోజులు దాటాక దాదాపు రోజూ నేను వాటిని చూసేదాన్ని. బొచ్చు నిగనిగలాడుతోందా, తోక బిగుసుకుందా, వీపు గూనిలా వంగిందా, తీగల జాలీ మీద నడిపిస్తే వెనక కాళ్లు జారుతున్నాయా అన్నవి కాగితం మీద ఉన్న ప్రశ్నలు. కాగితం మీద లేని ప్రశ్నను జంతుశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దాయన నేర్పారు. రాత్రి పెట్టిన దూది చతురాన్ని పొద్దునకల్లా ఎలుక చీల్చి గూడు కట్టుకుందా లేదా చూడమన్నారు. నడక తడబడడానికి చాలా ముందే ఎలుక గూడు కట్టడం మానేస్తుంది, దూది చతురం పెట్టినట్టే ఉండిపోతుంది. నేను ముందు నమ్మలేదు గాని, తొలి లక్షణాల్లో ఇది కూడా ఒకటని తర్వాత పరిశోధన పత్రాల్లో చదివి, ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. "చదివినవాళ్లు అచ్చులో చూస్తే గాని నమ్మరులెండమ్మా" అని నవ్వేశారు.

నాలుగు వందల రోజులు దాటినా ఏమీ జరగలేదు. తర్వాత కొన్ని ఎలుకలు ఒకదాని తర్వాత ఒకటి, ఎంతో ఎడంగా జబ్బుపడ్డాయి. మిగిలినవి హాయిగా దూది చీల్చుకుంటూ ముసలివైపోయాయి. ప్రయోగశాల ఎలుక ఆయుర్దాయం సుమారు రెండేళ్లు. ఆరు వందల రోజులు దాటాక కణితులతోనో వయసు మీదపడో చచ్చిపోతూ ఉంటే, ఇది వార్ధక్యమా, ప్రియానా అని ప్రతి చావు దగ్గరా తలపట్టుకోవడమే. గొర్రె పీఆర్‌పీకీ, ఎలుక పీఆర్‌పీకీ అమైనో ఆమ్లాల వరుసలో తేడాలు ఉండడం వల్ల గొర్రె ప్రియాన్‌కు ఎలుక ప్రొటీన్‌ను వంచడం కష్టమవుతుంది. దీన్నే జాతుల మధ్య అడ్డుగోడ అంటారు. ఆ మాట పుస్తకంలో చదివినప్పుడు నిజంగానే ఒక గోడ ఊహించుకున్నాను. పంజరాల ముందు నిలబడ్డాక తెలిసింది, అది గోడ కాదు, గడువు. ప్రియాన్ గోడ దాటేలోపు జంతువు ఆయుష్షు తీరిపోతోంది, అంతే.

అడ్డుగోడ నిజంగా ఎంత నిలిచిందో తెలిసింది మెదళ్లు పరీక్షించిన రోజున. మెదడు ద్రవాన్ని ప్రొటినేజ్-కె అనే ఎంజైముతో కలిపితే మామూలు పీఆర్‌పీ పూర్తిగా జీర్ణమైపోతుంది. వికృతమైనది కొసలు మాత్రమే కోల్పోయి, 27 నుంచి 30 కిలోడాల్టన్ల ముక్కగా మిగులుతుంది. ప్రొటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి చూపే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో అది ఒకదాని కింద ఒకటి మూడు పట్టీలుగా కనిపిస్తుంది. జబ్బుపడిన ఎలుకల్లో మూడు పట్టీలూ వచ్చాయి, అందులో ఆశ్చర్యమేమీ లేదు. సంకేత సంఖ్యలు విప్పి చూసుకున్నప్పుడు, చివరి రోజు వరకు గూడు కట్టుకొని, జాలీ మీద చకచకా నడిచి, ముసలితనంతో పోయిందని నా చేత్తో నేనే రాసిన కొన్ని ఎలుకల వరుసల్లో కూడా అవే మూడు పట్టీలు, కాస్త వెలవెలబోతూ, ఉన్నాయి. నా పరిశీలన పుస్తకంలో వాటి ఎదుట "ఆరోగ్యం" అని ఉంది.

రెండో విడతలో ఆ "ఆరోగ్యమైన" ఎలుకల మెదడునే కొత్త ఎలుకలకు ఎక్కించాం. ఈసారి నూట అరవయ్యో రోజు ప్రాంతంలో, దాదాపు ఒకే వారంలో, అన్నీ జబ్బుపడ్డాయి. మొదటి విడతలో ఎలుక ప్రొటీన్ ఆకృతికి ఒకసారి అలవాటుపడిన ప్రియాన్‌కు రెండో విడతలో అడ్డేమీ లేదు. ఇది కొత్త ఫలితం కాదు. మొదటి పాసేజ్ (కొత్త జాతికి ఎక్కించిన తొలి విడత) ఆలస్యంగా, చెదురుమదురుగా, రెండోది త్వరగా, ఒక్కుమ్మడిగా రావడం ఈ రంగంలో పాత పాఠమే, జబ్బు లక్షణాలు లేకుండానే ప్రియాన్‌ను మోసే జంతువులు ఉంటాయన్నదీ అంతకుముందే వేరేచోట్ల తేలింది. కాని తెలిసిన పాఠాన్ని రెండేళ్లు పెట్టి మళ్లీ చదవడం వేరు.

మ్యాడ్ కౌ వ్యాధి చరిత్రను నేను అప్పటినుంచి తేదీల ప్రకారమే చదవడం మొదలుపెట్టాను. బ్రిటన్‌లో 1986 నవంబరులో ఆ జబ్బును గుర్తించారు. పశువుల మాంసం, ఎముకల పొడిని పశువులకే మేతగా పెట్టడం వల్ల వ్యాపిస్తోందని తెలుసుకొని 1988 జూలైలో దాన్ని నిషేధించారు. కేసులు మాత్రం 1992-93 దాకా పెరుగుతూనే పోయాయి, ఉధృతంగా ఉన్న రోజుల్లో వారానికి వెయ్యి వరకు వచ్చాయి. నిషేధం పనిచేయలేదని కాదు. ఆవుల్లో పొదిగే కాలం సగటున ఐదేళ్లు కాబట్టి, 1988కి ముందు తిన్న మేతే 1993లో జబ్బుగా బయటపడింది. మనుషులకు సోకిందని ప్రభుత్వం ప్రకటించింది 1996 మార్చి 20న. ఆవుల నుంచి సోకే ఆ జబ్బుతో, అంటే వేరియంట్ సీజేడీతో, బ్రిటన్‌లో చనిపోయినవారు 178 మంది. ఆవులదీ మనుషులదీ ఒకే ప్రియాన్ అని 1997లో ఖాయం చేసిన సాక్ష్యాల్లో ఒకటి ఎలుకల్లో చేసిన ఇలాంటి పరీక్షే: రెండు నమూనాలూ ఎక్కించిన ఎలుకలు ఒకే గడువులో, మెదడులో ఒకే తీరు గాయాలతో జబ్బుపడ్డాయి.

మరి "ఆరోగ్యం" అని రాసిన వరుసల మాటేమిటి? ఆపరేషన్లలో తొలగించిన 32,441 అపెండిక్సులను బ్రిటన్‌లో పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితాల్లో 16 నమూనాల్లో వికృత ప్రొటీన్ కనబడింది, అంటే సుమారు రెండు వేల మందిలో ఒకరు. వాళ్లందరికీ జబ్బు వస్తుందని ఎవరూ అనడం లేదు. రక్తమార్పిడి ద్వారా వేరియంట్ సీజేడీ సోకిన మొదటి ఘటన 2004లోనే అచ్చయింది కాబట్టి, ఆ పదహారు సంఖ్య రక్తనిధుల వాళ్లకు వేరుగా వినిపించి ఉంటుంది. పపువా న్యూ గినీలోని ఫోరే ప్రజల్లో వ్యాపించిన కురు వ్యాధి, మరణించిన బంధువుల శరీరాన్ని తినే ఆచారం 1950ల చివర్లో ఆగిపోయిన తర్వాత, యాభై ఏళ్లకు కూడా కొందరిలో బయటపడింది. కురు అంటే వాళ్ల భాషలో వణుకు. మొదటిసారి విన్నప్పుడు మనవాళ్లెవరికైనా కౌరవులే గుర్తొస్తారు.

2019 శరత్కాలంలో, రెండో విడత ఎలుకల మెదళ్లు తీస్తున్న రోజున, నా కుడిచేతి పై తొడుగు కత్తెర మొనకు చిరిగింది. మేం రెండు తొడుగులు వేసుకొని, వేళ్లకు కోత పడకుండా మధ్యలో అల్లిన తొడుగు ఒకటి పెట్టుకునేవాళ్లం. లోపలి తొడుగులో నీళ్లు నింపి చూస్తే కారలేదు, చర్మం మీద గీత కూడా లేదు. అయినా పని ఆపి, నియమం ప్రకారం చేయి కడుక్కొని, అందరినీ పిలిచి, ప్రమాదాల పుస్తకంలో రాశాను. నిజం చెప్పాలంటే రాయకుండా ఊరుకోవాలని ఒక క్షణం అనిపించింది. పని ఆగిపోతుంది, పదిమంది వచ్చి చూస్తారు, చిరిగింది పై తొడుగే కదా అనుకున్నాను. మా పర్యవేక్షకురాలు తొడుగును దీపం వెలుగులో తిప్పి చూసి, "రాసినందుకు మంచిపని చేశారు" అని మాత్రం అన్నారు.

2020 జూలైలో ఒక వైద్య పత్రికలో ఫ్రాన్సు నుంచి ఒక కేసు అచ్చయింది. అక్కడి ప్రయోగశాలలో పనిచేసే ఒక యువతి 2010 మేలో, ప్రియాన్ సోకిన ఎలుకల మెదడును గడ్డకట్టించి కోసే క్రయోస్టాట్ అనే యంత్రాన్ని శుభ్రం చేస్తుండగా, చేతిలోని పరికరం మొన రెండు పొరల తొడుగులనూ దాటి ఆమె బొటనవేలికి గుచ్చుకొని రక్తం వచ్చింది. ఏడున్నరేళ్ల తర్వాత, 2017 నవంబరులో, మెడ, భుజంలో మంటలాంటి నొప్పితో మొదలై, 2019 జూన్‌లో ఆమె వేరియంట్ సీజేడీతో మరణించింది. ఫ్రాన్సులోని ప్రభుత్వ పరిశోధన సంస్థలు 2021 జూలైలో ప్రియాన్ ప్రయోగశాలలో పనిచేసిన మరొకరికి జబ్బు బయటపడ్డాక ప్రియాన్ ప్రయోగాలను కొంతకాలం పూర్తిగా నిలిపివేశాయి. 2020లో ఆ పత్రం చదివిన రాత్రి నేను ఆమె తేదీలకూ నా తేదీలకూ తేడాలు లెక్కవేసుకోకుండా ఉండలేకపోయాను. నాకు తెగలేదు, రక్తం రాలేదు, పైగా నేను పనిచేస్తున్నది గొర్రె స్క్రేపీతో. అది మనుషులకు సోకిందనడానికి ఇన్ని శతాబ్దాల్లో ఆధారం దొరకలేదు. ఇవన్నీ నిజాలే. అయినా లెక్క వేశాను.

ఆ పత్రం వచ్చాక మా దగ్గర వీలైనచోటల్లా మొనలున్న పరికరాల స్థానంలో మొద్దు మొనవి, ఒకసారి వాడి పారేసేవి వచ్చాయి. ప్రమాదాల పుస్తకాన్ని కూడా తిరగదోడి పాత నమోదులన్నీ మళ్లీ చూశారు. ఆ పుస్తకం మామూలు సూక్ష్మజీవుల ప్రయోగశాలల కోసం అచ్చువేసినది, అందులో చివరి గడి పేరు "పరిశీలన ముగిసిన తేదీ". మిగతా ప్రయోగశాలల్లో అక్కడ మూడు వారాలో ఆరు నెలలో లెక్కకట్టి ఒక తేదీ వేస్తారు. నేను అక్కడినుంచి వచ్చేసేటప్పుడు, నా నమోదుకు ఎదురుగా ఏ తేదీ వేయాలని భద్రతా అధికారి మా పర్యవేక్షకురాలిని అడిగారు. ఆమె కాసేపు ఆలోచించి, ఆ గడిని ఖాళీగా వదిలేయమన్నారు.